షంషాద్‌కు వచ్చిన ఉత్తరం

మొన్న వేసవిలో ఇంటికి సున్నం కొట్టించడానికని అటక మీది సామాన్లు దించుతుంటే, పాత చీరల మూట కింద ఒక పొడుగు నోటుబుక్కు దొరికింది. అట్ట మీద నా చేతిరాతతో ‘కస్టమర్లు’ అని ఉంది. లోపల నిలువుగా గీతలు కొట్టి పేరు, ఊరు, ఈమెయిలు, పాస్‌వర్డ్ అని వరసగా రాసుకున్నాను. ఒకప్పుడు హిందూపురంలో నేను నడిపిన ఇంటర్నెట్ సెంటరుకు వచ్చిన వాళ్లందరి పాస్‌వర్డ్‌లూ అందులో ఉన్నాయి. వాటిని కనిపెట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. అన్నీ నేను పెట్టినవే, పేరు రాసి పక్కన ఒకటి రెండు మూడు. బెల్లం మండీ రంగప్ప మామకు రంగప్ప ఒకటి రెండు మూడు. ఆయన కొడుకు వచ్చి తనకూ ఒకటి కావాలంటే, కొత్తది ఆలోచించడానికి బద్ధకమై, అదే వాడికీ పెట్టాను. నవ్వుకుంటూ పేజీలు తిప్పుతున్న దాన్ని ఒక పేరు దగ్గర ఆగిపోయాను. షంషాద్, పెనుకొండ. పాస్‌వర్డ్ గడిలో నేను రాసింది నల్లసిరాతో కొట్టేసి ఉంది. ఆ కొట్టివేత నాది కాదు, షంషాద్‌ది. ఆ సాయంత్రమే నోటుబుక్కును నీళ్లపొయ్యిలో పెట్టేశాను. మరుసటి వారం ధర్మవరం బస్సెక్కాను. అక్కడికి పోయే ముందు ఆ కాలం సంగతి కొంత చెప్పాలి.

మా ఇల్లు చింతపండు మండీల వెనక వీధిలో ఉండేది. నాయన మండీలో తూకాలు వేసేవాడు. ఇంటికి వచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తే నడవంతా పులుపు వాసన. బెల్లం కాలంలో ఆ పులుపు మీద తీపి వచ్చి చేరేది, చీమలు నేల నుంచి ఆ కొయ్య దాకా బారు కట్టేవి. అమ్మ ఆ చొక్కాను తక్కిన బట్టల్లో కలపకుండా విడిగా నానబెట్టేది. నడవ గోడకు ఇంకోవైపు వరసగా మేకులుండేవి. అవి మా అవ్వవి. పట్టుగూళ్ల మార్కెట్‌కు కూలికి పోయేవాళ్లు, చేలకు పోయేవాళ్లు ఇంటికి తాళం వేసి తాళంచెవి మా అవ్వ చేతికిచ్చి పోయేవారు. అవ్వకు అక్షరం రాదు. ఏ చెవి ఎవరిదో తడిమి చెప్పేది. ఆమెకో పట్టుదల ఉండేది, ఎవరి చేతి నుంచి తీసుకుందో తిరిగి ఆ చేతికే ఇచ్చేది. ఒకసారి పక్కింటి మారెన్న మధ్యాహ్నమే జ్వరంతో ఇల్లు చేరి, తన ఇంటి తాళంచెవి తనకు ఇమ్మంటే అవ్వ ఇవ్వలేదు. “నాకిచ్చింది నీ పెండ్లాం. ఆయమ్మ వస్తే ఇస్తా. అంతవరకు ఈడ పండుకో,” అని మా నడవలోనే చాప పరిచి, మిరియాల కషాయం కాచి తాగించింది. “ఏమవ్వా, నా ఇంటికి నేనే దొంగనా?” అని మారెన్న మూలుగుతూనే నిద్రపోయాడు. ఈ కథ చెప్పుకుని వీధి వీధంతా నవ్వింది. అవ్వ మాత్రం ఇందులో నవ్వడానికి ఏముందని అడిగేది.

నేను డిగ్రీ అయ్యి, టీచరు పరీక్ష రెండుసార్లు తప్పి, పెళ్లి సంబంధాలను కూడా నా వంతు నేను తప్పగొట్టి, ఇంట్లో కూర్చున్న రోజుల్లో మెయిన్ రోడ్డులో ఇంటర్నెట్ సెంటరు ఒకటి పెట్టారు. ఓనరు బెంగళూరులో ఉండేవాడు. ఇంగ్లీషు వచ్చిన మనిషి కావాలంటే నన్ను కూర్చోబెట్టారు. ఐదు కంప్యూటర్లు, నీలం కర్టెన్లు, చెప్పులు బయటే విడవాలి. దుమ్ము పడకూడదని చెప్పిన మాటను జనం మడి అనుకున్నారు. కొందరు కాళ్లు కడుక్కుని కూడా వచ్చేవారు. ఆయుధపూజకు మానిటర్లకు విభూతి పట్టెలు, సీపీయూలకు కుంకుమ బొట్లు పెట్టేదాన్ని. ఒక ఏడు భక్తి ఎక్కువై మౌసులకు కూడా బొట్లు పెడితే వారం రోజులు క్లిక్కులు పడలేదు. ప్రతి మానిటరు నెత్తిన ‘అప్‌డేట్ నొక్కరాదు’ అని కాగితం అంటించి ఉండేది. మా కంప్యూటర్లలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న సీడీ నుంచి ఎక్కించింది. ఎవరైనా తెలియక అప్‌డేట్ నొక్కితే తెర నల్లబడి, ఇది అసలుది కాదని ఇంగ్లీషులో నింద వేసేది. అప్పుడు మళ్లీ ఫార్మాట్ కొట్టి, మళ్లీ ఆ సీడీయే ఎక్కించేదాన్ని.

వచ్చినవాళ్ల అనుమానాలు వినడానికే సగం పొద్దు పోయేది. రంగప్ప మామ ధరలు చూసుకోవడానికి వచ్చేవాడు. “ఏమ్మా పద్మా, ఈ వైరస్ అనేది పక్క సిస్టానికి గాలికి అంటుకుంటాదా?” అని ఒకరోజు అడిగాడు. “గాలికి కాదు మామా, ఫ్లాపీకి,” అన్నాను. “ఏమో తల్లీ, నాకు ఆ మూలది ఇయ్యి. నడిమి దాని ముందర నిన్న ఎవరో ఒకటే దగ్గు,” అన్నాడు. ఇంతటి అమాయకులకు పాస్‌వర్డ్ గుర్తుంటుందా? వారం తర్వాత వచ్చి “నాదేదో చెప్పమ్మా” అనేవారు. అందుకే నోటుబుక్కు పెట్టాను. వీధిలో తాళంచెవులు అవ్వ దగ్గర ఉన్నట్టే ఊళ్లో పాస్‌వర్డ్‌లు నా దగ్గర ఉన్నాయని మురిసిపోయేదాన్ని. పరీక్ష ఫలితాలు, హాల్‌టికెట్లు, కువైట్ నుంచి వచ్చే ఉత్తరాలు అన్నీ నేనే తెరిచి చదివేదాన్ని. మొగుడు పెండ్లానికి రాసిన ఉత్తరమైనా అత్త పక్కన నిలబడి వింటుంది. సిగ్గుపడే మాట వస్తే నేను మింగేసి, దాని బదులు “అమ్మ ఆరోగ్యం జాగ్రత్త అని రాసినాడు” అని కలిపేదాన్ని. అత్త కళ్లు తుడుచుకునేది, కోడలు నావైపు చూసి నవ్వు ఆపుకునేది. ఒక మాట తీయడం, ఒక మాట కలపడం అలా అలవాటైంది. అది చాలా పెద్ద ఉపకారం అనుకునేదాన్ని.

షంషాద్ మంగళవారం మంగళవారం పెనుకొండ నుంచి బస్సులో వచ్చేది. హిందూపురం అంగళ్లలో రేడియో సామాన్లు కొనుక్కుని, తిరుగు బస్సుకు ముందు మా సెంటరులో గంటసేపు కూర్చునేది. నాకంటే ఐదారేళ్లు చిన్నది. సన్నటి చేతులు, వేళ్ల చివర ఎప్పుడూ ఒక నల్లటి మసి. వాళ్ల నాయన దస్తగిరి సాబుకు పెనుకొండ బస్టాండు దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ఉండేది. ఒకసారి పట్టుబట్టి నన్ను తీసుకుపోయింది. తలుపు తీయగానే సాల్డరింగ్ పొగ వాసన వచ్చింది, సాంబ్రాణిలో ఏదో ఇనుము కాలినట్టు. గోడ నిండా పొట్టలు విప్పిన రేడియోలు. సాబు ముందర బల్ల దగ్గర తెల్లటి టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వెనక ఒక పూల కర్టెన్. వచ్చినవాళ్లతో ఆయన మాట్లాడి, రేడియో తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని బటన్ తిప్పి, “దీని జబ్బు నాకు తెల్సింది, మాపటికి రాప్పా,” అనేవాడు. వాళ్లు పోగానే కర్టెన్ వెనక్కి చెయ్యి చాపేవాడు. అక్కడ షంషాద్ అందుకునేది.

చక్కెర జబ్బు వల్ల రెండు మూడేళ్లుగా తగ్గుతూ వచ్చి సాబుకు చూపు దాదాపు పోయింది. ఇంటి నుంచి అంగడికి అడుగులు లెక్కపెట్టుకుని నడిచేవాడు. ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే రేడియోలు ఇవ్వరు. ఇంట్లోవాళ్లు కూడా చూపు మందగించిందని మాత్రమే అనేవారు, పోయిందని ఎవరూ పైకి అనలేదు. ఆ రోజు కర్టెన్ వెనక నేను షంషాద్ పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్నాను. అవతలి నుంచి సాబు గొంతు వచ్చింది. “ఏం రంగులమ్మా?” షంషాద్ ఒంటి మీద రంగు గీతలున్న చిన్న రెసిస్టర్‌ను వెలుతురుకు పట్టుకుని, “బ్రౌన్, బ్లాక్, ఆరెంజ్,” అంది. “పది కిలో ఓమ్స్. అది మంచిగుండాది, వదులు. పక్కన కండెన్సర్ చూడు, పొట్ట ఉబ్బిందా?” “ఉబ్బింది నాయనా.” “అదీ! నేను చెప్పలే? దాని ఏడుపు వింటేనే తెలుస్తాది.” ఆయనకు చెవి, ఆమెకు కన్ను. ఇద్దరూ కలిస్తే గాని ఒక రేడియో పాడేది కాదు. కొత్త కండెన్సర్ అతికించి ఆన్ చేస్తే వార్తలు గొంతు విప్పుకుని వచ్చాయి. కర్టెన్‌కు ఆవలా ఈవలా ఇద్దరూ ఒకేసారి నవ్వారు. అంత సంతోషంగా పని చేసుకునే తండ్రీ బిడ్డలను నేను తర్వాత చూడలేదు.

మా సెంటరులో షంషాద్‌కు ఒక లోకం దొరికింది. రేడియోలు, ఆంప్లిఫయర్లు ఇంట్లోనే సరదాగా చేసుకుంటూ దేశంలో ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో ఒక గుంపుగా చేరి ఉత్తరాలు రాసుకునేవారు. ఒకరు రాస్తే అందరికీ పోయేది. మొదట్లో నేను ఇంగ్లీషు సాయం చేశాను. ఆరు నెలలకు నా సాయం అక్కర్లేకపోయింది. అక్కడ ఆమె పేరు ‘ఎస్. పెనుకొండ’. అందరూ మగవాడనే అనుకుని ‘బ్రదర్’ అని రాసేవారు. “అక్కా, ఈడ నేను మొగోణ్ణి. ఎవురూ నన్ను ఏం వండినావని అడగరు,” అని పకపకా నవ్వేది. ఆ గుంపులో మైసూరు మాస్టారు ఒకాయన ఉండేవాడు, రిటైరైన సైన్సు టీచరు. ఆమె ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు రాసేవాడు. ఏడాది తర్వాత ఆమె ఆయనకొక్కడికే తాను ఆడపిల్లనని, నాయనకు చూపు తగ్గిందని రాసింది. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. బెంగళూరులో తన శిష్యుడు చెవిటివాళ్లు పెట్టుకునే మిషన్లు తయారుచేస్తాడని, అక్కడ నిదానమైన చేతులు కావాలని, ఆడపిల్లలకు హాస్టలు ఉందని, అతనితో మాట్లాడి రాస్తానని చెప్పాడు.

ఆ మంగళవారం షంషాద్ తిరుగు బస్సు వదిలేసి మరీ నా దగ్గర కూర్చుంది. “వస్తే పోవల్లనే ఉండాది అక్కా. మిషన్ పెట్టుకుంటే చెవిటి బిడ్డకు అమ్మ గొంతు వినిపిస్తాదంట. అట్లాంటి పని. కానీ నాయనకు ఎట్ల చెప్పేది? ఆయనకు కండ్లు నేనే కదా. కండ్లు పోతాండాయి అని ఎట్ల చెప్పేది?” అంది. “మీ అన్నతో చెప్పించు,” అన్నాను. “వద్దు. ఎవురూ చెప్పగూడదు. నేనే చెప్పల్ల. రోజూ మనసులో అనుకుంటాండా. మా సందు చివర మున్నీ అని ఒక పిల్ల ఉండాది, దానికి రంగులు చెప్పేది నేర్పిచ్చినాంక, మంచి పొద్దు చూసి, ఆయనకు నచ్చినట్ల చెప్తా. నువ్వు గూడా యాడా అనొద్దు,” అంది. అననని చెప్పాను. నిజంగానే అనకూడదనే అనుకున్నాను.

తర్వాతి మంగళవారం షంషాద్ రాలేదు. ఆమె అన్న ఖాజా వచ్చాడు. హిందూపురంలోనే లారీల షెడ్డులో పని చేసేవాడు, మంచివాడు, చెల్లెలంటే ప్రాణం. “పద్మక్కా, షంషాద్‌కు జరం. యాదో లెటర్ కోసం జరంలో గూడా కలవరిస్తాంది. వచ్చిందేమో సూసి చెప్పు, పోయి చెప్తే రొంత తెప్పరిల్లుతాది,” అన్నాడు. నేను నోటుబుక్కు తెరిచాను. ఇంత రాసిన దాన్ని, ఇక్కడ ఒక్క క్షణమైనా తటపటాయించానని రాసుకోవాలని ఉంది. తటపటాయించలేదు. ఇంటి మనిషే కదా, రోజూ చేసే పనే కదా. మెయిలు తెరిస్తే పైనే మైసూరు మాస్టారి ఉత్తరం. ఇంగ్లీషు. “ఏం రాసినాడక్కా?” అని ఖాజా అడిగాడు. సెంటరులో ఇంకో నలుగురున్నారు. రంగప్ప మామ మూల సీటులోంచి మెడ చాచాడు.

ఉద్యోగం ఖాయమని, నెలాఖరులోగా చేరాలని మాస్టారు రాశాడు. నేను గట్టిగా చదివి తెలుగులో చెప్పాను. “ఆడపిల్లకా? రేడియోల పనా?” అని రంగప్ప మామ పెదవి విరిచాడు. నాకు రోషం వచ్చింది. మాస్టారు రాసిన తర్వాతి మాట ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు: ‘మీ నాన్నగారి చూపు తగ్గినప్పటి నుంచి పనిలో ఆయనకు తోడుగా ఉన్నారని రాశారు. అంతటి ఉస్తాదు దగ్గర నేర్చిన చేయి కాబట్టి నాకు అనుమానం లేదు.’ నేను మామ వైపు తిరిగి చెప్పింది ఇది: “వాళ్ల నాయనకు కండ్లు కనపడవంట మామా. నాలుగేండ్ల నుంచి రిపేర్లన్నీ ఆ పిల్ల ఒక్కతే చేస్తాందంట. అట్లని రాసిందంట. అంత పెద్ద చెయ్యి!” ఉస్తాదును మింగేశాను. ఒక్కతే అన్నది కలిపాను. అలా చెబితేనే గొప్పగా ఉంటుందనిపించింది. రంగప్ప మామ “ఓహో!” అన్నాడు. ఖాజా ముఖం వెలిగిపోయింది. “మా షంషాదేనా! ఒక్కతేనా!” అని ఉత్తరం ప్రింటు తీయించుకుని, మడతపెట్టి జేబులో పెట్టుకుని, చెప్పులు సరిగా తొడుక్కోకుండానే పరుగెత్తాడు.

ఇంటికి పోయి సంబరంగా అవ్వకు చెప్పాను. అవ్వ నడవలో కూర్చుని చేటలో రాగులు చెరుగుతోంది. అంతా విని, “ఆ పిల్ల ఇమ్మనిందా?” అంది. “వాళ్లన్నే కదవ్వా,” అన్నాను. “ఆ పిల్ల ఇమ్మనిందా అని అడుగుతాండా.” “లేదు.” అవ్వ చేట ఆపింది. “మారెన్న గూడా ఆ ఇంటాయనే,” అంది. మళ్లీ చేట ఎత్తింది. నేను, కంప్యూటర్ల సంగతి ముసలిదానికేం తెలుసని విసురుగా లోపలికి పోయాను.

మూడు వారాల తర్వాత షంషాద్ వచ్చింది. చిక్కిపోయింది. కూర్చోమన్నా కూర్చోలేదు. “పాస్‌వర్డ్ మార్చేది యాడుంటాది అక్కా?” అంది. చూపించాను. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టి ఆగింది. “రొంత ఆ పక్కకు తిరుక్కో అక్కా,” అంది. అంత మెల్లగా, అంత మర్యాదగా అంది. నేను గోడ వైపు తిరిగాను. గోడ మీద క్యాలెండరు, దాని కింద నేను అంటించిన నిబంధనల కాగితం. వెనక మీటల చప్పుడు చాలాసేపు వినిపించింది. తిరిగేసరికి నోటుబుక్కు తీసి తన గడిలోది కొట్టేస్తోంది. “బెంగళూరుకు పోలేదా?” అన్నాను. “లేదు.” “మీ అన్న ఒప్పుకోలేదా?” ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. “అన్న పొమ్మనే అన్నాడు,” అంది. ఇంకేదో చెబుతుందని ఎదురుచూశాను. చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు ధర్మవరం ఇచ్చి పెళ్లి చేశారని ఎవరో చెప్పారు. పెళ్లికి నన్ను పిలవలేదు.

మనిషికి తన తప్పు బరువు తగ్గించుకునే ఉపాయాలకు కొదవ లేదు. అన్న పొమ్మన్నాడన్న మాట నేను నమ్మలేదు. ఇంట్లోవాళ్లు ఆడపిల్లను ఆపేశారు, ఆమె వాళ్లను కాపాడుకోవడానికి అబద్ధం చెప్పింది అని ఒక కథ అల్లుకున్నాను. తర్వాత టీచరయ్యాక ఆ కథనే నా క్లాసులో ఆడపిల్లలకు చెప్పాను కూడా, చదువుకోండి, ధైర్యంగా ఉండండి అని. కథలో ఉత్తరం చదివిన మేడమ్ మాత్రం ఉండేది కాదు. ఇప్పుడు నా చేతిలో ఫోన్ ఉంది. ఎప్పుడు నిద్రపోతానో చూసుకుని తనంతట తానే అప్‌డేట్ అయిపోతుంది, లేచేసరికి అన్నీ స్థలాలు మారి ఉంటాయి. వారానికోసారి మీ వివరాలు మావాళ్లతో పంచుకోవచ్చా అని అడుగుతుంది, చదవకుండానే అంగీకరిస్తున్నాను అని నొక్కుతాను. స్టాఫ్‌రూములో చిన్న టీచర్లు, మన మాటలు ఫోన్ వింటోందట మేడమ్, చీర గురించి మాట్లాడితే చీరలే చూపిస్తోందట అని భయపడుతుంటారు. వినేవాడు ఎవడో ఏ దేశంలో ఉన్నాడో తెలియదు. ఆ రోజుల్లో తెలిసేది. హిందూపురం రహస్యాలు ఎవరి దగ్గరున్నాయంటే నా దగ్గరున్నాయి. పేరుంది, ముఖముంది, మంచి మనసుంది. అయినా జరిగిందేమిటి? రహస్యమంటే చెడ్డ పని దాచుకోవడమనే అనుకున్నాం మేమంతా. తన మాట తానే, తన నోటితో, తనకు కుదిరిన పొద్దున చెప్పుకోవడానికి కూడా మనిషికి కాస్త చాటు కావాలని మాకు తట్టలేదు.

ధర్మవరంలో షంషాద్ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. భర్తకు మగ్గం సామాన్ల అంగడి ఉంది, జరీ కండెలు, దారాలు అమ్ముతాడు. సందు పొడుగునా మగ్గాల చప్పుడు. తలుపు తీసింది ఆమే. జుట్టు సగం నెరిసింది. గుర్తుపట్టి, “రా అక్కా,” అని లోపలికి తీసుకుపోయి చాప వేసింది. పిల్లల సంగతి, నా రిటైర్మెంటు ఎప్పుడన్న సంగతి మాట్లాడుకున్నాం. ఇంట్లో ఎక్కడా సాల్డరింగ్ ఐరన్ గానీ, ఒక తీగ ముక్క గానీ కనపడలేదు. టీ తెచ్చి ఇచ్చింది. నేను గ్లాసు కింద పెట్టి, “ఆ పొద్దు నీ లెటర్ తెరిసి చదివింది తప్పు షంషాద్. నావల్ల నీ ఉద్యోగం పోయింది,” అన్నాను. దారిలో బస్సులో ఇరవై రకాలుగా అనుకున్న మాట, వచ్చేసరికి ఇంతే వచ్చింది.

“ఉద్యోగం గురించా అక్కా నువ్వు ఇన్నేండ్లూ బాధపడేది?” అంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. “దాని బాధ రెండేండ్లకే పోయింది.” టీ గ్లాసు నా వైపు జరిపింది. “అన్న ఆ పొద్దు ఎగురుకుంటా వచ్చినాడు. నాకు ఒళ్లు తెలీని జరం. నాయన సంగటి తింటాండాడు. అన్న సంతోషంతో చెప్పేసినాడు. నాయనా, నీకు కండ్లు కనపడవంట, నాలుగేండ్ల నుంచి అంతా షంషాద్ ఒక్కతే చేస్తాందంట, అట్లని రాసిందంట, బెంగళూరులో ఉద్యోగమంట, అని. నాయన ముద్ద ఇడిసిపెట్టి లేసినాడు. నా మంచం దగ్గరికొచ్చి, ‘అంతా నువ్వే చేస్తాంటే నేను యాలమ్మా ఆడ కూచునేది?’ అన్నాడు. అంతే.”

“కాగితం చదివి వినిపియ్యలేదా?”

“వినిపిచ్చినా. జరం తగ్గినాంక ఎన్నిసార్లు వినిపిచ్చినానో. ఉస్తాదు అని రాసినాడు నాయనా, నీ దగ్గర నేర్చిన చెయ్యి అని రాసినాడు అన్నా. ‘నువ్వు నాకు నచ్చినట్ల చదువుతావు. హిందూపురం మేడమ్ చదువుకున్నామె, ఆయమ్మకేం అక్కర అబద్ధం చెప్పను?’ అన్నాడు.” షంషాద్ గొంతు పెంచలేదు. “అన్న చెప్పిన మరుసటి దినమే అంగట్లో తెర పీకేసినాడు. నన్ను రేడియో ముట్టనీలేదు. రంగులు చెప్తానంటే వద్దన్నాడు. తానే ఐరన్ పట్టుకునేవాడు. తడుముకుంటా పోయి వేళ్లు కాల్చుకునేవాడు. కాలితే అబ్బా అని గూడా అనేవాడు కాదు, నాకు వినిపిస్తాదని. వాసన వస్తాండె అక్కా. ఆయన్ని అట్ల ఇడిసిపెట్టి బెంగళూరుకు యాడ పోయేది? నాలుగేండ్లు నేను పక్కన ఊరికే కూచున్నా. ఆయన కాలం చేసేనాటికి వేళ్ల కొసలు అన్నీ మచ్చలే.”

టీ మీద మీగడ కట్టింది. “ఒక్కతే అన్న మాట కాగితంలో లేదు షంషాద్. నేను కలిపినా,” అన్నాను.

“తెల్సు. కాగితం నా దగ్గరే ఉండె కదా,” అంది. “పాస్‌వర్డ్ మార్చుకోను వచ్చిన దినం అదే అడగల్లని వచ్చినా. అక్కా, ఒక్కసారి మా ఊరికొచ్చి, అది నేను కలిపిన మాట సాబూ అని నాయనకు చెప్పు అని. నువ్వు చెప్పింటే నమ్మేవాడు. నువ్వేమో మీ అన్న ఒప్పుకోలేదా అన్నావు. ఏం కలిపినావో నీకే గుర్తులేదనుకున్నా. ఇంగ నాకు నోరు రాలేదు. తర్వాత గూడా శానా దినాలు చూసినా, నీ అంతట నువ్వే వస్తావేమోనని.”

నాకు గుర్తుంది. ఆ మాట కలిపిన సంగతి నాకు ఏ రోజూ మరుపు రాలేదు. ఆ తర్వాతి ఏడే నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, పెనుకొండ అవతలి పల్లెలో. రెండేళ్లు హిందూపురం నుంచి రోజూ ఆ బస్సులోనే పోయి వచ్చాను. బస్సు పెనుకొండ బస్టాండులో పది నిమిషాలు ఆగేది. కిటికీలోంచి చూస్తే దస్తగిరి సాబు అంగడి కనపడేది, తెల్లటోపీ పెట్టుకుని బల్ల మీదికి వంగి ఆయనా కనపడేవాడు. షంషాద్ ఎదురుపడితే ఏం ముఖం చూపించాలని సిగ్గుపడి, ఆ పది నిమిషాలూ తల వంచుకుని కూర్చునేదాన్ని. ఒక్కరోజు కూడా దిగలేదు.